తెర మీద రెండువేల నలభై ఎనిమిది

నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవడైనా కేబుల్ వంకరగా పెడితే ఒంటికాలి మీద లేస్తాను. అలాంటివాణ్ణి, నోరు విప్పాల్సిన ఒక్క రోజున నీళ్ళు నమిలాను. అదే ఇక్కడ రాస్తున్నాను. నన్నెవరూ ఓదార్చనక్కర్లేదు.

మా ఆసుపత్రికి రెండు భవనాలు. పెద్దదానిలో స్కాన్లు చదివే డాక్టరు ఉంటారు. గంట దూరంలో ఉన్న చిన్నదానిలో స్కాన్ యంత్రం ఉంది గానీ చదివేవాళ్ళు లేరు. అక్కడ తీసిన బొమ్మలు లీజు లైను మీద, అంటే మేం అద్దెకి తీసుకున్న డేటా లైను మీద, ఇక్కడికి రావాలి. ఆ లైనూ, రెండు చివర్లా ఉన్న రూటర్లూ నా బాధ్యత. అక్కడ స్కాన్లు తీసేది మా వదిన. అన్నయ్య పనిచేసే కర్మాగారం మూతపడ్డాక, ముప్పై ఆరో ఏట, తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని ఆ పని నేర్చుకుంది. ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడిచేది. "మరిదిగారి వైరూ, నా బొమ్మలూ! ఆసుపత్రంతా మన ఇంట్లోనే ఉంది పో" అని నవ్వేది.

పాత లైను వేగం సెకనుకి నూట ఇరవై ఎనిమిది కిలోబిట్లు. ఈమెయిల్ ఉత్తరాలకి సరిపోయేది. స్కాన్ల కోసం దాన్ని రెండువేల నలభై ఎనిమిదికి పెంచాలన్నారు. అంటే పదహారు రెట్లు. బాగానే ఉంది. కానీ చిన్న భవనంలోని రూటర్లో, మోడెమ్ కేబులు తగిలించే సీరియల్ కార్డు పాతకాలంది, నూట ఇరవై ఎనిమిది దాటితే మొయ్యలేదు. కొత్త మోడెమ్‌లతో పాటు కొత్త కార్డు కూడా కావాలని జాబితాలో మొదటి వరసలోనే రాశాను.

కొనుగోళ్ళ మేనేజరుకి మేం పెట్టుకున్న పేరు కత్తెర. ఏ జాబితా ఇచ్చినా కొంత కొయ్యనిదే ఆయనకి నిద్రపట్టదు.

"పాత కార్డు కేబులు కొత్త మోడెమ్‌కి పడుతుందా?" అన్నాడు.

"పడుతుంది సార్, కానీ..."

"పట్టాక ఇంకేంటయ్యా నీ గోల?"

"పట్టడం వేరు, మొయ్యడం వేరు సార్. ఆ కార్డు అంత వేగం తట్టుకోదు."

"వచ్చే ఏడు చూద్దాంలే. ఎల్లుండి డైరెక్టరుగారు వస్తున్నారు. తెర మీద రెండువేలు కనబడాలి. ఎలా చేస్తావో నాకు తెలీదు."

కొత్త వేగంతో కలిపి చూశాను. లైను నిమిషానికోసారి పడిపోయింది. మోడెమ్‌ని మళ్ళీ నూట ఇరవై ఎనిమిదికి దించితే నిలబడింది. ఆ తర్వాత చేశాను ఆ పాడు పని. రూటర్లో ఒక ఆదేశం ఉంది. ఈ దారి వెడల్పు ఇంత అని మనం రాసిపెట్టుకునేది. దానివల్ల వేగం రవ్వంత కూడా పెరగదు. ఎవరైనా అడిగితే రూటర్ ఆ అంకె చూపిస్తుంది, అంతే. గుమ్మానికి డాక్టరని బోర్డు తగిలిస్తే వైద్యం వచ్చేస్తుందా? అక్కడ 2048 అని కొట్టాను. డైరెక్టరుగారు తెర చూసి భుజం తట్టారు. పని పూర్తయిందని సంతకం పెట్టాను. కార్డు వచ్చాక సరిచేద్దాంలే అనుకున్నాను.

వదినకి ఇవేమీ తెలియవు. స్కాన్ తీసి, పంపే బటన్ నొక్కి, గోడ గడియారం చూసి పుస్తకంలో టైము రాసి, తర్వాతి రోగి దగ్గరికి వెళ్ళిపోయేది. ఇవతల బొమ్మ చేరడానికి ముప్పావు గంట పట్టేది.

రెండు నెలలకి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. తలలో రక్తం గడ్డకట్టింది. వదిన పుస్తకంలో పదీ ఇరవై అని ఉంది. స్కాను ఇక్కడికి చేరింది పదకొండూ అయిదుకి. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. ఆయన కొడుకులు ఊరుకోలేదు. ఊరుకోకూడదు కూడా.

విచారణకి వదినని పిలిపించారు. డాక్టరు, డైరెక్టరు, కత్తెర, ఒక మూల నేను.

"ఈ లైను మీద స్కాను మూడు నిమిషాల్లో వచ్చేస్తుంది" అన్నాడు కత్తెర. "పదకొండింటికి పంపి, పదీ ఇరవై అని రాశావమ్మా నువ్వు."

"లేదు సార్. నొక్కగానే గడియారం చూసి రాశాను."

"రోజూ ఇదే వరస. ఈవిడ రాసిన టైముకీ బొమ్మ నాకు చేరే టైముకీ ముప్పావు గంట తేడా" అన్నారు డాక్టరు.

వదిన నా వైపు తిరిగింది. "మా మరిదిని అడగండి సార్. ఆ లైను సంగతి తనకంటే ఎవరికి తెలుసు? మరిదీ, చూసి చెప్పు. ఏదుంటే అదే చెప్పు."

కత్తెర నన్ను చూశాడు. రూటర్ తెరిచాను. వేళ్ళు వాటంతటవే ఆదేశం కొట్టాయి. తెర మీద కనబడింది: 2048.

చెప్పెయ్యాలనే అనుకున్నాను. కానీ ఆ అంకె కొట్టింది నేను, సంతకం నాది. నిజం నోటిదాకా వచ్చింది, మింగేశాను. "రెండువేల నలభై ఎనిమిది" అని చదివాను.

వదిన ఆ తెర వైపు చూసింది. ఏడవలేదు. నాతో దెబ్బలాడినా బాగుండేది. "అయితే నేనే తప్పు చూశానేమో సార్" అంది మెల్లగా.

మర్నాడే తీసేశారు, దొంగ టైము రాసిందని. ఇంకో చోట పెట్టుకోరు అలాంటి మాట పడ్డవాళ్ళని. వారం తిరక్కుండా కత్తెర నన్ను పిలిచి, "గొడవ సద్దుమణిగింది కదా, ఆ కార్డేదో తెప్పించుకో" అన్నాడు. చీమ కుట్టినట్టయినా లేదు ఆయనకి. కార్డు బిగించి మోడెమ్ వేగం పెంచాను. వదిన స్థానంలో వచ్చినవాడి స్కాన్లు మూడు నిమిషాల్లో చేరుతున్నాయి. "చూశారా, మనిషి మారితే ఎంత తేడానో" అని మీటింగులో డైరెక్టరుగారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు. సిగ్గులేనివాణ్ణి, నేనూ కొట్టాను.

నిన్న అన్నయ్య ఇంటికి వెళ్ళాను, ఈసారైనా చెప్పేద్దామని. వదిన టీ ఇచ్చి పక్కనే కూర్చుంది.

"మరిదీ, టైమెంతయింది?"

"ఎదురుగానే ఉందిగా వదినా గడియారం."

"ఉందిలే. నువ్వు చెప్పు. నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. నీ మాటయితే తప్పదు."

"నాలుగుంబావు" అన్నాను. గొంతు కొంచెం కూడా తడబడలేదు.