చెంబంత లెన్సు

“బరువుదేముందండీ, మా ఆవిడ ఉందిగా!” అన్నాడు మా ఆయన, కెమెరాల కొట్లో బల్ల మీద రెండు లెన్సులు పక్కపక్కన పెట్టుకుని. కొట్టాయన నవ్వాడు. నేనూ నవ్వాను. నలుగురిలో మొగుడు వేసిన జోకుకి నవ్వకపోతే ఇంటికెళ్ళాక దానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

మా ఆయన కొండలూ లోయలూ ఫొటోలు తీస్తాడు. మామూలు కెమెరాతో కాదు. అరచేయంత ఫిల్ము షీటు పెట్టి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని, వెనకనున్న మసక అద్దంలో తలకిందులుగా కనిపించే కొండని చూసుకుంటూ తీసే పాతకాలపు పెద్ద కెమెరాతో. కెమెరా, ట్రైపాడ్ ఆయన మోస్తాడు. అవి నలుగురికీ కనిపించేవి కదా. లెన్సులన్నీ, ఫిల్ము హోల్డర్లూ, ఇద్దరి తిండీ, నీళ్ళూ నా వీపు మీద. బయల్దేరే ముందు స్నానాలగది తలుపు కింద తువ్వాలు కుక్కి, చీకట్లో తడుముకుంటూ ఒక్కో షీటూ హోల్డర్లోకి ఎక్కించేదీ నేనే. గోడకెక్కిన ఫొటో కింద పేరు మాత్రం ఆయనది. “మీరు అదృష్టవంతులండీ, ఎన్ని చోట్లు చూస్తారో!” అంటారు ఎగ్జిబిషన్‌కి వచ్చిన ఆడవాళ్ళు. నేను చూసేది ఆయన మడమల్ని. కొండెక్కేటప్పుడు ముందు నడిచేది ఆయనేగా.

పోయినేడు నడుం పట్టేస్తే డాక్టరమ్మ బరువులెత్తద్దంది. మా ఆయన కంగారుపడిపోయి మర్నాడే నాకో కొత్త సంచి కొనుక్కొచ్చాడు. భుజాల దగ్గర మెత్తలు, నడుముకి పట్టీ. “చూశావా, వాడికి నువ్వంటే ఎంత ప్రాణమో!” అంది మా అత్తగారు. ఆవిడ మంచిదే. కొడుకు తన గ్లాసు తను కడుక్కుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేంత మంచిది. సంచి మారింది గానీ అందులో బరువు ఒక్క పిసరు తగ్గలేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

కొట్లో బల్ల మీదున్న లెన్సుల్లో ఒకటి చెంబంత ఉంది, ఇంకోటి నిమ్మకాయంత. రెండిట్లోనూ ఒకే కొండ ఒకే మేర కనిపిస్తుంది.

“పెద్దదైతే అద్దంలో బొమ్మ వెలుగ్గా ఉంటుంది సార్. చిన్నదాంట్లో కాస్త మసక. చూసుకోడానికి కష్టపడాలి,” అన్నాడు కొట్టాయన.

“చిన్నదాంట్లో బొమ్మ ఫిల్ము మూలల దాకా పడుతుందా? శిఖరం తెగిపోకుండా కెమెరా ముందు భాగాన్ని కాస్త పైకి జరిపితే మూలలు నల్లబడవు కదా?” అనడిగాను.

కొట్టాయన మా ఆయన వైపు తిరిగి, “పడుతుంది సార్. మరీ ఎక్కువ జరపకూడదంతే,” అన్నాడు.

అడిగింది నేను, జవాబు ఆయనకి. “దీనికివన్నీ ఎవరు నేర్పారో!” అని మురిసిపోయాడు మా ఆయన, పెంచుకున్న చిలక పలికినట్టు. పెద్దదాన్నే కట్టమన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దగ్గరి రాయి నుంచి దూరపు శిఖరం దాకా స్పష్టంగా రావాలంటే, ఫొటో తీసే క్షణానికి ఏ లెన్సు కన్నునైనా సన్నటి రంధ్రమంత చేసే తీయాలి. అప్పుడు చెంబూ నిమ్మకాయా ఒకటే. మరి చెంబెందుకయ్యా అంటే, నల్లగుడ్డ కింద అయ్యగారు కళ్ళు చికిలించకుండా హాయిగా చూసుకునే ఆ కాసేపటి కోసం. ఆ కాసేపు ఆయన కళ్ళు అలవకూడదని రోజంతా నా నడుం విరగాలి. నా కాపురమంతా ఆ బల్ల మీదే కనిపించింది నాకు. ఆయన వేడివేడిగా తినాలని నేను చల్లారింది తిన్నాను. ఆయన నిద్ర చెడకూడదని జ్వరమొచ్చిన పిల్లనెత్తుకుని వంటింట్లో తిరిగాను. ఆఫీసు నుంచి ఇద్దరం ఒకే వేళకి ఇంటికొస్తే అలిసిపోయేది ఆయనొక్కడే.

“ఆ చిన్నది నాకివ్వండి,” అన్నాను.

“నీకెందుకోయ్? నీ దగ్గర కెమెరా ఏదీ?”

“మీరు అటక మీద పడేసిన చెక్క కెమెరా ఉందిగా. దాని మడతల తోలు తిత్తికి పడ్డ కన్నాలకి నల్ల టేపు వేసుకుంటాను.”

“పోనీలెండి, సరదా తీరుతుంది,” అన్నాడు మా ఆయన, నాతో కాదు, కొట్టాయనతో.

బయల్దేరే ముందురోజు, “ఈసారి ఎవరి సామాను వాళ్ళే సర్దుకుందాం,” అని చెప్పాను. ఫోన్లోంచి తలెత్తకుండా “అలాగే” అన్నాడు. ఆయన అలాగే అంటే విన్నట్టు కాదు. ఇదివరకైతే పదిసార్లు చెప్పి, ఆనక నేనే సర్దేదాన్ని. ఈసారి ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను.

కొండ మీదకి చేరేసరికి సాయంత్రపుటెండ ఎదుటి బండల మీద ఎర్రగా పడుతోంది. అటక మీదే దొరికిన చిన్న ట్రైపాడ్ మీద చెక్క కెమెరా నిలబెట్టుకుని గుడ్డ కిందకి దూరాను. ఇన్నేళ్ళూ ఆ గుడ్డ గాలికి ఎగరకుండా బయట నిలబడి పట్టుకున్నదాన్నే తప్ప, లోపలికి ఎప్పుడూ రాలేదు. కొట్టాయన చెప్పింది నిజమే, మసగ్గానే ఉంది. కళ్ళు అలవాటు పడేదాకా ఆగాను. మెల్లగా బండ అంచు తేలింది. తర్వాత శిఖరం. ఏడుపొచ్చింది నాకు.

“ఏమోయ్, లెన్సులేవీ? పెద్దది ఇలా అందివ్వు.”

“మీ సంచిలో లేవా?”

“నా సంచిలో ఎందుకుంటాయి?”

“అయితే ఇంట్లోనే ఉండుంటాయి, మీ బల్ల మీద.”

కాసేపు తిట్లు వినిపించాయి. నన్నూ, నా మతిమరుపునీ, నన్నిలా పెంచిన మా అమ్మనీ. తర్వాత అడుగులు దగ్గరికొచ్చాయి. “సరే, దాన్ని ఊడదీసి ఇవ్వు. త్వరగా! వెలుగు పోతోంది.”

గుడ్డలోంచి తల బయటపెట్టాను. చెయ్యి చాపుకుని నిలబడి ఉన్నాడు. ఇస్తానా లేదా అన్న అనుమానం ఆ చేతిలో ఎక్కడా లేదు. నేను లెన్సు మూసి, దాని కన్నుని సన్నం చేసి, ఫిల్ము హోల్డరు కెమెరా వెనక దోపి, ఫిల్ముకి వెలుగు తగలకుండా ఉండే అడ్డురేకు లాగాను.

“నాకూ పోతోందండీ వెలుగు,” అని షట్టర్ నొక్కాను.