జకరయ్య ప్లీడరుగారి బెంచీ

నేను ఒక బెంచీని, గట్టి మద్దిచెక్క బెంచీని. పుట్టింది రేపల్లెలో, సోములాచారి కొట్టంలో. నన్ను చిత్రిక పడుతున్నంతసేపూ ఆయన వక్క నములుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఈ వాగుడు నాకు అప్పుడే అంటుకుంది, ఏం చేయను.

నన్ను చేయించుకున్నది జకరయ్య ప్లీడరుగారు. కోర్టులో నల్లకోటు, ఇంట్లో గళ్ల లుంగీ. చిన్నప్పుడు తండ్రితో కలిసి ఎవరో ప్లీడరు ఇంటికి వెళ్తే, అరుగు ఎక్కనివ్వక ఎండలో నేలమీద కూర్చోబెట్టారట. అందుకని తన వసారాలో ఒకటే బెంచీ వేసి, ఒకటే పద్ధతి పెట్టుకున్నారు. వచ్చినవాళ్లు ఈ కొసన కూర్చోవాలి, ముందువాళ్లు లోపలికి వెళ్లేకొద్దీ ఆ కొసకు జరగాలి. పట్టుపంచె అయినా మాసిన చీర అయినా జరగాల్సిందే. జరిగి జరిగి నా వీపు అద్దంలా నునుపెక్కింది. సిఫార్సుతో వచ్చిన పెద్దమనుషులు మొహం మాడ్చుకుని జరుగుతుంటే నాకు లోపల ఎంత నవ్వొచ్చేదో.

లంకపాలెం పేటకు మంచినీళ్ల గొట్టం రావాలంటే పున్నయ్యగారి చేను గట్టు దాటాలి. ఆయన కుదరదని కోర్టుకెక్కి ఆపించారు. పేట ఆడవాళ్లు ఆ గట్ల చుట్టూ తిరిగి బిందెలు మోస్తున్నారు. వాళ్ల తరఫున ఎస్తేరమ్మ వచ్చి నామీద కూర్చునేది. వాయిదా మీద వాయిదా. ఒక్క పేటకే ఇంతకాలం పడితే మిగతా పేటల సంగతేమిటని ప్లీడరుగారు విసిగి ఎన్నికల్లో నిలబడ్డారు. గెలిచారు కూడా.

ఎమ్మెల్యేగారి ఇంట్లో బెంచీ ఏమిటని అనుచరులు సోఫాలు తెచ్చి, నన్ను పెరట్లో కోళ్లగూటి పక్కన పడేశారు. జకరయ్యగారు చూసి, లుంగీ ఎగగట్టి, తానే ఒక కొస పట్టుకుని నన్ను మళ్లీ వసారాలోకి తెచ్చారు. సోఫాలు హాస్టలు పిల్లలకు వెళ్లాయి. ఎన్నాళ్లు గెంతారో వాటి మీద.

ఆ వేసవిలో ఒక పొద్దున పున్నయ్యగారు వచ్చారు. అవతలి ప్లీడరు ఎమ్మెల్యే అయితే తన చేను ఏమవుతుందోనని బెంగ. నేరుగా లోపలికి పోబోతుంటే జకరయ్యగారు గుమ్మంలోంచే నమస్కారం పెట్టి, "కూర్చోండి పున్నయ్యగారూ, జరుగుతూ వచ్చేయండి" అన్నారు.

ఖాళీ ఉన్నది ఎస్తేరమ్మ పక్కనే. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారాయన. వెనక ఇంకొకరు వచ్చి జరగమన్నారు, జరిగారు. మరొకరు వచ్చారు, మళ్లీ జరిగారు. చోటు కాస్తా మాయమైంది.

ఎండ ముదిరింది. ఆయనకు గొంతు ఆరిపోయి దగ్గు పట్టుకుంది. ఎస్తేరమ్మ సంచిలోంచి మరచెంబు తీసి, మూత తిప్పి చాపింది.

"తాగండి. మీ గట్టు చుట్టూ తిరిగి తెచ్చిన నీళ్లేలే."

ఆయన అటూ ఇటూ చూశారు. ఊళ్లో అయితే ఆ చెంబు ముట్టుకునేవారు కాదు. దగ్గు ఆగితేగా. తాగారు, సగం ఖాళీ చేశారు. మూతి తుడుచుకుని మెల్లగా అన్నారు, "గట్టు కోస్తే వానలకి తెగుద్దమ్మాయ్. చేను మునిగితే నాకెవరు దిక్కు?"

ఇన్నేళ్లూ రెండు పక్కలా ప్లీడర్లు ఎంతో మాట్లాడారు గానీ, ఈ భయం సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఆ గట్టు పోసింది మావోళ్లేగా. గొట్టం అడుగున పోయిద్ది, పైన మేమే మట్టి పోసి తొక్కుతాం. తెగితే మళ్లీ మా చేతే పోయించుకోండి."

"మాట తప్పవుగా?"

"తప్పితే కోర్టుకి లాగండి. మీకు అలవాటేగా."

పున్నయ్యగారు నవ్వారు. నవ్వుకు నేను కూడా కిర్రుమన్నాను.

ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లారు. కేసు వెనక్కి తీసుకుంటానని పున్నయ్యగారు చెబితే, ప్లీడరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సంతోషమే గానీ, తయారుచేసుకున్న వాదనంతా వృథా అయిందని కాస్త నొచ్చుకున్నారు కూడా. మంచి వాదనే, పాపం.

నీళ్లు వదిలే రోజున, పెద్దలు కూర్చోవడానికని నన్ను ట్రాక్టరు మీద పేటకు తీసుకెళ్లి తెల్లదుప్పటి పరిచారు. ఎస్తేరమ్మ కుళాయి తిప్పింది. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు దూకాయి. ఇక చూడండి, ఒకరి మీద ఒకరు చల్లుకోవడమే. ఎమ్మెల్యేగారి ఖద్దరు ముద్దయింది, పున్నయ్యగారి మీసంలోంచి నీళ్లు కారాయి. నామీద ఒక్కరూ కూర్చోలేదు.

ఆ సందడిలో నన్ను వెనక్కి తీసుకెళ్లడం అందరూ మరిచిపోయారు. ప్లీడరుగారు వసారాకు కొత్త బెంచీ చేయించుకున్నారు. నేను ఇక్కడే కుళాయి పక్కన ఉండిపోయాను. పొద్దున్నే నిండు బిందెలు తెచ్చి నామీద దించుతారు. నీళ్లు ఒలికితే చెక్క చివికిపోతుందని ఎస్తేరమ్మ కోడల్ని కసురుతూ ఉంటుంది.

చివికితే చివకనీ తల్లీ, చల్లగా ఉంది.