ముర్తుజా చేతి నునుపు

ఆకురాయితో రెండు గీతలు, ఎమిరీ కాగితంతో ఒక రుద్దు, ఆపైన బొటనవేలితో అంచంతా తడిమి చూసుకోవడం. పొద్దున షెడ్డు తెరిచినప్పటి నుంచీ ముర్తుజా అదే పనిలో ఉన్నాడు. మిషన్ కోసిన ముక్కకు అంచుల్లో మిగిలే గరుకును బర్ అంటారు. మేడ్చల్ షెడ్లలో దాన్ని తీస్తూనే ఆయన తల నెరిసింది. మనిషి పొట్టి, వేళ్లు మాత్రం పొడుగు. గోళ్ల సందుల్లోని అల్యూమినియం పొడి ఎంత తోమినా పోదు. ఆయన చేతిలో పడ్డాక నీటిపంపు ముక్కయినా సరే, అద్దంలా మెరవాల్సిందే. బావిలో మునిగేదానికి అంత సోకెందుకని నవ్వేవాళ్లు నవ్వనీ, ఆయనకేం లెక్క!

ఈసారి వచ్చింది పంపు పని కాదు. మన దేశం సొంతంగా కట్టుకుంటున్న యుద్ధవిమానానికి, రెక్కలో ఇమిడే అరచేతంత కీలు. ఇన్నాళ్లూ విదేశాల్లో కొన్న ఆ ముక్కను ఇక్కడే చేసి చూపిస్తానని యజమాని వెంకటేశ్వరరావు పట్టుబట్టి తెచ్చాడు. ఇవాళ నమూనా ఒక్కటి నెగ్గితే చాలు, పనంతా ఈ షెడ్డుదే. శామీర్‌పేట ఇంట్లో భార్య జహేదాకు ముర్తుజా రోజూ ఒకటే మాట చెబుతున్నాడు.

"మన జహాజ్ లేస్తది సూడు, అండ్ల నా చెయ్యి ఉంటది."

ఆ మురిపెమే కొంప ముంచింది. పంపులకు రుద్దిన దానికంటే ఇంకాస్త ప్రేమగా రుద్దాడు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు పద్మజ ముక్కను కొలిచి పక్కన పెట్టేసింది.

"చాలా అందంగా ఉంది ముర్తుజా గారూ. కానీ అంచు ఎక్కువ అరిగింది, విమానానికి పనికిరాదు."

మిషన్ కోసినవి రెండే. ఇక మిగిలింది ఒక్కటి. అదీ చెడితే పని చేజారినట్టే.

"ఈసారి తేలిగ్గా తియ్యి, నువ్వే తియ్యి" అన్నాడు వెంకటేశ్వరరావు.

ముర్తుజా ముందు ఆ పాడైన ముక్క మీదే ఆకురాయి ఆడించి చూసుకున్నాడు. ఆపాలనుకున్న చోట చెయ్యి ఆగలేదు. మళ్లీ చూశాడు. ఊహూఁ! పక్క బల్ల దగ్గర బర్ తీస్తున్న లతను పిలిచాడు.

"గిటు రా బిడ్డా. గిది నువ్వు తియ్యి."

"నేనా? నాకు మెరుపు రాదని రోజూ తిడ్తవు గద చాచా!"

"గందుకే పిలిచిన. నా చెయ్యి మెరుపు జూడకుంట ఆగదు. నువ్వు జల్ది ఆపుతవు. పరేషాన్ గాకు."

లత గీసినంతసేపూ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పద్మజ కొలిచింది, మరోసారి కొలిచింది, నవ్వింది. ముక్క నెగ్గింది! అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ముర్తుజాయే. కళ్లల్లో నీళ్లు తిరిగినా తుడుచుకోలేదు.

సాయంత్రం యజమానికి సలాం చేశాడు.

"ఈడ ఇంక అంత జహాజ్ పనే సార్. గండిమైసమ్మ కాడ పంపుల షెడ్డోళ్లు శాన దినాలసంది రమ్మంటుండ్రు. ఆడ నా మెరుపుకు మస్తు గిరాకి. ఇగ పోత."

"విమానంలో నీ చెయ్యి ఉండాలంటివి కదయ్యా!"

"లేదని ఎవలన్నరు? లతకు నేర్పింది ఎవలు?"

నవ్వుతూనే గేటు దాటి బస్సెక్కాడు. లత తన పనిముట్లు తెచ్చుకుని ఆయన బల్ల ముందు కూర్చుంది. ఏళ్ల తరబడి ఆయన మణికట్టు ఆనిన చోట, బల్ల అంచు పల్లంగా అరిగి నున్నగా ఉంది.