బాణం గుర్తు బోర్డు

కూతురికి నెలలు నిండాయని హడావిడిగా విమానమెక్కి వచ్చిన టైలరమ్మ, టాక్సీ స్టాండు వెతుక్కుంటూ రెండుసార్లు తిరిగి వచ్చి అదే సిమెంటు బస్తాల దగ్గర తేలింది. టెర్మినల్ ముందంతా తవ్విపోశారు. బాణం గుర్తు బోర్డు చూపించిన దారేమో రేకుల గోడ దగ్గర ఆగిపోయింది.

పసుపు హెల్మెట్ పెట్టుకున్న మేస్త్రీ ఒకతను ఆమె అవస్థ చూసి, పెట్టె భుజానికెత్తుకుని, "నా వెనకే రండమ్మా" అన్నాడు. కంకర కుప్పలు దాటుతూ ఆమె దారి పొడవునా ఆ బోర్డు పెట్టినవాణ్ణి తిట్టిపోసింది.

"వాడికి కళ్ళు నెత్తికెక్కాయా? నా చేతికి దొరకాలి, చెవి మెలిపెట్టేస్తాను!"

టాక్సీలో పెట్టె సర్దాక మేస్త్రీ తల గోక్కున్నాడు.

"అది మా నిర్వాకమేనమ్మా. మధ్యాహ్నం అన్నంలో దుమ్ము పడకుండా బోర్డు అడ్డం తిప్పుకుని తిన్నాం. మళ్ళీ సరిగ్గా పెట్టడం మర్చిపోయా. ఇప్పుడే వెళ్ళి తిప్పేస్తా" అని హెల్మెట్ తీసి, తల వంచి చెవి ఆమె ముందుకు పెట్టాడు.

ఆమె చెవి పట్టుకుంది గానీ మెలిపెట్టడానికి చేతులు రాలేదు. దాని మీదున్న సిమెంటు దుమ్మును వేళ్ళతో తుడిచింది.

"రేపు కూడా అడ్డం పెట్టుకునే తినండి నాయనా. తిన్నాక తిప్పండి, అంతే."