మగ్గాల మోతలో మాట

"సోమారం నుంచి డ్యూటీకి పోతాను మామా" అంది కొత్త కోడలు మోనిక. ఆదికేశవులుకు వినబడింది మాత్రం "బ్యూటీకి" అని. తప్పు ఆయన చెవిది కాదు. నగరిలో మరమగ్గాలు ఆడే ఏ ఇంట్లోనైనా చెవులంతే. "పెండ్లయి నెల కాలేదు, అప్పుడే బ్యూటీ పార్లరా? మన ఇంట్లో బ్యూటీ ఎవురికుండాదని?" అని నవ్వాడు. సాయంత్రానికి ఆ కథ టీ కొట్టు దాకా పోయింది. తిరిగొచ్చేటప్పటికి ఫేషియల్ కూడా చేయించుకుని వచ్చింది.

అసలు మాట పట్టుకున్నది ఆయన పెళ్ళాం చౌడేశ్వరి ఒక్కతే. విని కాదు, చూసి. మగ్గాల ఇంట్లో ఆడవాళ్ళు కళ్ళతో వింటారు, అవతలి మనిషి పెదాలను బట్టి మాట పట్టుకుంటారు. "బ" అనాలంటే పెదాలు రెండూ కలవాలి. మోనిక పెదాలు కలవలేదు. ఆ పిల్ల అన్నది డ్యూటీనే. పుత్తూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. పెళ్ళికి పెట్టిన సెలవు ఆదివారంతో అయిపోతుంది.

అయినా చౌడేశ్వరి నోరు విప్పి సరిదిద్దలేదు. బ్యూటీ అంటే నవ్వుతారు, డ్యూటీ అంటే నవ్వరని ఆమెకు తెలుసు. వీళ్ళు నవ్వుతుండగానే సోమవారం వచ్చేస్తే, పిల్ల బ్యాగు తగిలించుకుని బస్సెక్కేస్తే, ఎక్కిన మనిషిని దించడం కష్టమని ఆమె ఎత్తు. పెళ్ళిచూపులనాడు మోనిక తల్లి చేతులు పట్టుకుని, "మీ బిడ్డ ఉద్యోగం మానిపించమమ్మా, నాది పూచీ" అన్నది తనే. పాతికేళ్ళ కాపురంలో ఎవరినీ అడక్కుండా ఆమె ఇచ్చిన మాట అదొక్కటే.

ఆ ఇంట్లో మగ్గం మగవాళ్ళది, మగ్గడం ఆడవాళ్ళది. ఆదికేశవులు పడుగు సరిచూసి, స్విచ్చి వేసి, అరుగు మీద పేకకు కూర్చుంటాడు. పేక అంటే నూలు పేక కాదు, ముక్కల పేక. నూలు పేక చౌడేశ్వరి వంతు. తెల్లారకముందే లేచి ముగ్గు, పాలు, సంగటి. ఆపైన రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టడం, తెగిన పోగు అతకడం, మళ్ళీ వంట, మళ్ళీ కండెలు. కండెలు చుట్టీ చుట్టీ ఒంట్లో కండ కరిగింది. ఎవరైనా అడిగితే ఆదికేశవులు, మా ఇంటామె యాడికీ పోదబ్బా, ఇంట్లోనే ఉంటాది, ఏదో సాయం చేస్తాది అంటాడు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా చేస్తుంది కాబట్టి సాయం అంటారేమోనని ఆమె తనలో తను నవ్వుకునేది. తర్వాత నవ్వడం మానేసింది. జోకు మాత్రం రోజూ జరుగుతూనే ఉంది.

ఆమెకున్న ఒకే ఒక్క సుఖం ఆ మోత. పుత్తూరులో ఎముకకు కట్టు కడతారు, నగరిలో కోడళ్ళ నోటికి కడతారు. మగ్గాలు మోగినంతసేపూ చౌడేశ్వరి ఆ కట్టు విప్పేసి నోటికి కాస్త గాలి తగలనిచ్చేది. రాట్నం తిప్పుతూ మనసులో ఉన్నదంతా గట్టిగానే అనేసేది. పులుసులో ఉప్పు చాల్లేదని చుట్టాల ముందర కంచం నెట్టేసిన మొగుణ్ణి అనేది. జ్వరమొచ్చి పడుకుంటే, "ఏమ్మా, ఇంకా లేయలేదా, ఆకలైతా ఉండాది" అని దుప్పటి లాగిన కొడుకు మురుగేష్‌ను అనేది. ఎదురుగా కూర్చుని నూలు చిక్కు తీసే అత్త గంగులమ్మనూ వదిలేది కాదు. గంగులమ్మకు ఈ మగ్గాల దగ్గరే చెవులు ఎప్పుడో పోయాయి. ముసలామె చేతులు ఆగేవి కావు. మొహం మారేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం. అరుగు మీద పేకాట, మగ్గం దగ్గర మురుగేష్, వంటింట్లో మోనిక. తెల్లారితే సోమవారం. చౌడేశ్వరి రాట్నం దగ్గర ఉంది, ఎదురుగా గంగులమ్మ. రోజూకంటే గొంతెత్తి అంటూ ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. మాట ఆగలేదు.

"ఆ పిల్ల పోయేది బ్యూటీకి కాదు, డ్యూటీకి. దాని తల్లికి నేను మాటిచ్చినాను. నన్ను మగ్గబెట్టినట్టు దాన్నీ ఈడ మగ్గబెడతామంటే సూస్తా ఊరుకోను."

ఇంటికే కాదు, అరుగు మీదవాళ్ళకీ వినబడింది. ఆదికేశవులు ముక్కలు చేతిలో పట్టుకునే లోపలికి వచ్చాడు. మోనిక గరిటెతో వంటింటి గడపలో నిలబడింది. చౌడేశ్వరికి ముందు భయమేసింది. మరుక్షణం, విననీలే అనిపించింది. ఇన్నేళ్ళకు ఒక మాట విన్నారు. ఇప్పుడాయన తిడతాడు. తిడితే తనూ అంటుంది. అంటే ఏదో ఒకటి తేలుతుంది.

ఆదికేశవులు తిట్టలేదు. నవ్వాడు. "డ్యూటీనా? నేను బ్యూటీ అనుకుంటి గదే. బ్యూటీకయితే నెలకోసారి పోయిరానీలే అనుకుంటి. డ్యూటీకి పుత్తూరు దాకా పోవాల్నా? ఈడ లేదా?"

మురుగేష్ తెగిన పోగు అతుకుతూ, తలెత్తకుండానే అన్నాడు. "అది అయిపోయింది లేమ్మా. పోయిన వారమే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇంక రాదని చెప్పేసినా. నువ్వు ఊరికే గొంతు సించుకోవద్దు."

ఆ సంగతి మోనికకూ అప్పుడే తెలిసింది. ఆ పిల్ల మొగుడి వైపు చూడలేదు. మాట ఇచ్చిన మనిషి వైపు చూసింది. చౌడేశ్వరి ఆ చూపు తట్టుకోలేక అత్త వైపు తిరిగింది. ఆమె ఒక్కతే ఏమీ వినలేదు గదా అని.

"నీ నోరు ఇన్నేండ్లూ సూస్తానే ఉండా కోడలా" అంది గంగులమ్మ. "చెవులు పోయినాయిగానీ కండ్లు పోలేదు. నన్ను ముసలి గూబ అన్నిందీ సూసినా, కాటికి ఎప్పుడు పోతావని అడిగిందీ సూసినా."

ఆదికేశవులు ఇంకా గట్టిగా నవ్వాడు. అరుగు మీదవాళ్ళూ నవ్వారు. చౌడేశ్వరి ముసలామె దగ్గరికి జరిగి, పెదాలు కనబడేలా నిదానంగా అడిగింది.

"అంతా సూసినదానివి, ఒక్కనాడన్నా నా పక్క ఒక మాట అనలేదే అత్తా?"

"ఇదే మాట మా అత్తను నేనూ అడిగినా."

"ఆమె ఏమన్నాది?"

కరెంటు వచ్చింది. మగ్గాలన్నీ ఒక్కసారి లేచాయి. ముసలామె గొంతు ఆ మోతలో కలిసిపోయింది, పెదాలు మాత్రం కదిలాయి. చౌడేశ్వరి చదివింది. "కండెలు చుట్టమన్నాది."

సోమవారం నుంచి ఆ గదిలో రెండో రాట్నం తిరిగింది. మోనిక రోజుల తరబడి బిగించిన పెదాలతో కూర్చుంది. రక్తం బొట్టును చూసి రోగం చెప్పే పిల్ల, నూలు చూసి ఏమీ చెప్పేది కాదు. ఒకరోజు పొద్దున మగ్గాలు మంచి ఊపు మీద ఉండగా ఆ పెదాలు విడివడ్డాయి. ఈ ఇంట్లో వినేది కళ్ళతోనని ముసలామె నోట విన్నా, ఆ పిల్లకింకా ఒంటబట్టలేదు. మోత ఉంది, ఎవరికీ తెలియదనే ధీమా. ముందు మురుగేష్‌ను కడిగింది. తర్వాత మామను. ఆ తర్వాత తల ఇటు తిప్పింది. చౌడేశ్వరి చదవకుండా ఉండలేకపోయింది.

"పూచీ అంటివే మా అమ్మతో. పూచికపుల్లకైనా కొరగాలేదే నీ పూచీ."

అనేశాక మోనిక మొహం కొంచెం తేటపడింది, అన్నం తిన్న మొహంలా.

చౌడేశ్వరి లేచింది. తన పీట, రాట్నం గోడవైపు తిప్పుకుంది. గంగులమ్మ భుజాలు పట్టుకుని ఆమెనూ గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. ముసలామె మళ్ళీ నూలు చిక్కు అందుకుంది. లోపలికొచ్చిన ఆదికేశవులు, ఆ గోడ మీద ఏమన్నా సినిమా ఆడతా ఉండాదా అని సైగ చేశాడు. ఎండ కళ్ళల్లో పడుతోందని ఆమె చేత్తో చూపించింది. ఇంతకుముందు మొహం పెట్టి కూర్చున్న వైపు కిటికీయే లేదని ఆయనకు తట్టలేదు.

వెనక ఆ పిల్ల నోటి కట్టు విప్పి ఏమేమి అంటోందో చౌడేశ్వరికి తెలియదు. తెలియకుండా ఉండటం, ఇక ఆమె నిలబెట్టుకోగలిగిన మాట అదొక్కటే.