గడ్డి మిషను బ్లేడు, పుల్లన్న తక్కెడ

మా కొత్తచెరువులో ఆ ఏడు పచ్చగా ఉన్నవి రెండే. ఒకటి పుల్లన్న లాడ్జి గోడలకు వేసిన రంగు. రెండోది ఆ లాడ్జి ముందర నేను పెంచిన గడ్డి. రంగు సంగతి నాకు తెలియదు గానీ, గడ్డి మాత్రం నా ప్రాణం.

వానలు మొహం చాటేసి అప్పటికి మూడేళ్ళు. శెనక్కాయ విత్తిన వాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. అలాంటి నేల మీద ముప్పై అడుగుల మేర గడ్డి పెంచడమంటే మాటలు కాదు. రూముల్లో దిగిన వాళ్ళ స్నానాల నీళ్ళన్నీ కాలువ కట్టి దానికే మళ్ళించాను. వాళ్ళల్లో ఏ దొరైనా రెండు బకెట్లు ఎక్కువ పోసుకున్నాడంటే నాకు ఆ రోజు పండగే. ఆయన ఒళ్ళు తుడుచుకునే లోపల నేను పార పట్టుకుని కాలువ దగ్గర ఉండేదాన్ని.

ఆ గడ్డి కోయడానికి పుల్లన్న బెంగుళూరు నుంచి పెట్రోలు మిషను తెచ్చాడు. దాని కింద మూరెడు ఇనప బ్లేడు, నడుమ బోల్టుకు చిల్లు, రెండు కొసలకూ పదును. ఫ్యాను రెక్కలా గిర్రున తిరుగుతుంది. రెండేళ్ళు బాగానే కోసింది. తర్వాత మొద్దుబారి, కోయడం మాని పీకడం మొదలుపెట్టింది. మా ఆయన ఎర్రిస్వామి కొడవళ్ళు నూరినట్టే దానికీ ఆకురాయి పట్టాడు. పదును వచ్చింది. కానీ ఒక కొసను ఎక్కువ అరగదీశాడు, మహానుభావుడు. మరుసటి రోజు మిషను ఆన్ చేస్తే అది వణికింది చూడండి, నా పళ్ళు టకటకలాడాయి. గడ్డి మీద కుర్చీలో టీ తాగుతున్న దొర గ్లాసుతో సహా వరండాలోకి పరుగెత్తాడు.

పుల్లన్న బయటికొచ్చాడు. "ఏంది నల్లమ్మా, ఇది గడ్డి కోసే మిషనా, దయ్యం పట్టిన ఎనుమా?"

"సరిచేస్తాలే అన్నా."

"నువ్వు చేసిందీ చాలు, నీ మొగుడు చేసిందీ చాలు. సోమారం తాడిపత్రి బండల లారీ వస్తాండాది. ఈ గడ్డి తీసేసి బండలు పరిపిస్తా."

"మరి నా పని?"

"బండలకు నీళ్ళు పోసేదుంటాదా?"

చేలో పని లేని కరువులో ఆ గడ్డే నాకు కూడు. కూడు సంగతి అటుంచండి, మూడేళ్ళుగా బిడ్డలా సాకాను దాన్ని. "ఆదివారం ఒక్కరోజు ఇయ్యి అన్నా. సోమారానికి మిషను వణికితే బండలు నేనే మోస్తా" అన్నాను. పుల్లన్న నవ్వి సరేనన్నాడు. నేను బండలు మోస్తుంటే చూడాలని ఆయనకు సరదాగా ఉన్నట్టుంది.

ప్లగ్గు వైరు పీకి, బ్లేడు విప్పి, కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. దోవలో మోటారు మెకానిక్కును అడిగితే సూత్రం చెప్పాడు. "రెండు కొసలూ ఒకే బరువుండాలక్కా. చిల్లును మొలకు తగిలించు. ఏ కొస కిందికి పోతే దాన్ని ఆకురాయితో రాయి. రెండూ సమంగా నిలబడితే అయిపోయినట్లే."

ఇంతేనా అనుకున్నాను. నడింట్లో మట్టిగోడకు మొల కొట్టి బ్లేడు తగిలించాం. కుడివైపు కిందికి వాలింది. మా ఆయన దాన్ని తీసి, గడప మీద కూర్చుని, ఆ కొసను రాశాడు. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ కుడివైపే. మళ్ళీ రాశాడు. మళ్ళీ కుడివైపే. పొద్దు నడినెత్తికొచ్చింది. గడప నిండా ఇనప పొడి. ఇంకోసారి తగిలించి, గడప మీద కూలబడి ఆయన బ్లేడును ఎగాదిగా చూశాడు.

"నల్లమ్మా, ఇది రెండు పక్కలా అరిగినట్లుండాదే."

చూస్తే నిజమే. తగిలించేటప్పుడు ఏ కొస ఎటు పెడుతున్నాడో చూసుకోలేదు. ఏది కుడికి వస్తే దాన్ని రాస్తూ పోయాడు. పిల్లుల రొట్టె కోతి పంచినట్టయింది మా పని.

"ఇట్లే రాస్తే సాయంత్రానికి చెవిలో గుబిలి తీసుకునే పుల్ల మిగుల్తాది" అన్నాను.

"నన్నే కోతి అను, సరిపోతాది" అన్నాడు.

అంతే, నవ్వు మొదలైంది. రేపు బండలు మోయాల్సిన దాన్ని, పొట్ట పట్టుకుని గోడకు జారగిలబడ్డాను. ఆయన ఆకురాయి వదిలేసి గడప మీదే పొర్లాడు. పక్కింటి చౌడమ్మ తొంగిచూసి, "పట్టపగలే ఏం తాగినారప్పా ఇద్దరూ" అంది. దాంతో ఇంకా ఎక్కువైంది.

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటుంటే మొలకు వేలాడుతున్న బ్లేడు కనబడింది. కుడివైపు దర్జాగా వాలి ఉంది. ఆ దర్జా నేను ఎక్కడో చూశాను. ఎక్కడో ఏంది, పుల్లన్న మండీలో చూశాను. లాడ్జి కట్టక ముందునుంచీ ఆయనకు శెనక్కాయల మండీ ఉంది. ఇరవై ఏళ్ళు మా కాయలు అక్కడే తూచాం. ఎవరి మూట పెట్టినా కాయల తట్ట పైకే లేచేది, తూకం గుండ్ల తట్ట కిందికే కూర్చునేది. తట్టలు మార్చి తూచమంటే "టయిము లేదు పో" అనేవాడు.

చటుక్కున లేచాను. "తప్పు సరుకుది కాదయ్యా, తక్కెడది."

గోడ దగ్గరికి పోయి వేలు పెట్టి చూశాను. మట్టిగోడ ఒకచోట ఉబ్బి ఉంది. బ్లేడు దానికి రాసుకుని అటే ఆగిపోతోంది. మొల పీకి, వాకిట్లో పందిరి గుంజకు ముందుకు పొడుచుకొచ్చేలా కొట్టించాను. తగిలిస్తే తూర్పు కొస వాలింది. తీసి, తిప్పి తగిలించాను. ఈసారి పడమటివైపు వాలింది. అంటే బరువున్నది అదే కొస. దానికి బొగ్గుతో గీత పెట్టాను. "ఇంక ఈ గీతను తప్ప దేన్నీ ముట్టుకోవద్దు" అని చెప్పాను.

మూడుసార్లు రాసేసరికి బ్లేడు సమంగా నిలబడింది. తిప్పితే కూడా నిలబడింది. ఊదితే కాస్త ఊగి, మళ్ళీ సమంగా వచ్చి ఆగింది. యాభై ఏళ్ళ దాన్ని, వాకిట్లో ఎగిరి గంతేశాను. చౌడమ్మ ఈసారి అడగను కూడా లేదు.

సోమవారం లారీ నిండా బండలొచ్చాయి. పుల్లన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను నేరుగా పోయి లాడ్జి తలుపు చట్రానికున్న మొలకు బ్లేడు తగిలించాను. చెక్కుచెదరకుండా నిలబడింది.

"నిలబడింది, సరే" అన్నాడు పుల్లన్న.

"నా మాట నమ్మొద్దు అన్నా. నీ చేత్తో తిప్పి చూడు."

తిప్పాడు. నిలబడింది. ఇంకోసారి తిప్పాడు. లారీ దిగిన కూలీలు కూడా మూగారు.

"యాడ నేర్చుకున్యావే ఇది?"

"నీ మండీలోనే అన్నా. ఇరవై ఏండ్లు తట్టలు తిప్పమని అడిగితిని. ఈ పొద్దు తిప్పినావు."

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పుల్లన్న మొహం ఎర్రబడింది. నోటి దురుసుతో గడ్డిని నేనే పోగొట్టుకున్నాననుకున్నాను. ఆయన బ్లేడును మొల మీదే వేలితో మెల్లగా తోశాడు. అది ఊగింది, ఆగింది, సమంగా నిలబడింది. ఆయన లారీ వైపు తిరిగాడు.

"బండలు మండీ ముందర దించండప్పా" అన్నాడు లారీ వాళ్ళతో. తర్వాత నా మొహం చూడకుండానే, "ఈసారి కాయలు తూచేటప్పుడు నువ్వొచ్చి తక్కెడ పక్కన నిలబడు" అన్నాడు.

"నిలబడతా అన్నా. వాన పడనీ, కాయలు కానీ."

బ్లేడు బిగించి మిషను ఆన్ చేశాను. వణుకు లేదు. మెత్తగా, నున్నగా గడ్డి కోసుకుంటూ పోయింది. కోసిన పచ్చి వాసన ముక్కుకు తగిలితే మళ్ళీ నవ్వొచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి, చెప్పులు విడిచి తిరిగొచ్చాను. వరండాలో దొర టీ గ్లాసు తీసుకుని మళ్ళీ గడ్డి మీదికొచ్చి కూర్చున్నాడు. ఇంకా స్నానం చేయలేదని ఆయన వాలకం చూస్తే తెలిసింది. మిషను ఆపి, నీళ్ళు మళ్ళించే పార కోసం పోయాను.