పోలిక

కలకత్తాలో పిల్లల చేతికి పెన్సిలిస్తే గుడిసె గీస్తారు. గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ముందు ఏరు, ఏట్లో పడవ, రెండు కొండల మధ్య సూర్యుడు. బెంగాలీ పిల్లలు గీస్తారు, వాళ్ళని చూసి మన తెలుగు పిల్లలూ గీస్తారు. మా వాట్‌గంజ్ పేటలో పుట్టి, ఓడల డాకులో క్రేన్ల చప్పుడు వింటూ నిద్రపోయే పిల్లలకి కొండలు ఎక్కడ కనబడ్డాయో నాకు ఈనాటికీ తెలీదు. ఆ బొమ్మ చూస్తే చాలు, నాకు ఒళ్ళు మండేది.

నా పేరు సాల్మన్ రాజు. సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. దుకాణాలకి పేర్లు, లారీలకి నంబర్లు, ఎన్నికలొస్తే గోడల మీద నినాదాలు. ఏం రాయమంటే అది రాశాను. ఎవరి బొమ్మ ఎంత నవ్వుతూ ఉండాలంటే అంత నవ్వించాను. ఆ ఉక్రోషం తీర్చుకోవడానికేనేమో, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక వరండాలో మనవాళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు నేర్పేవాణ్ణి. కళ్ళతో చూసిందే గియ్యాలి, రబ్బరు ముట్టకూడదు. నా బడిలో చట్టం అంతే.

సుందరి వచ్చేసరికి దానికి తొమ్మిదేళ్ళు. తండ్రి పేరు గురువులు, కార్పొరేషన్లో మురుగు కాలవలు తీసే పనిలో ఉండేవాడు. తల్లి లేదు. ఆ పిల్ల కాగితం మూల అగ్గిపెట్టెంత చోటులో గీసి, గీసినదాన్ని అరచేత్తో కప్పేసేది. రబ్బరు లేకపోతే వేలికి ఉమ్మి తడి చేసుకుని, కాగితం చిరిగేదాకా తుడిచేది. తిట్టడం నాకు చేతనైన విద్య కనక తిట్టాను. తిట్టినకొద్దీ ఇంకా ముడుచుకుపోయింది. ఒకరోజు విసుగొచ్చి, ఖాళీ సిమెంటు సంచి చింపి నేల మీద పరిచి, చేతికి బొగ్గుముక్క ఇచ్చాను.

"నా మొహం గియ్యి. కాగితమంతా నిండాలి. నేను కదలను."

గంటసేపు గీసింది. చప్పిడి ముక్కు, ముక్కు మీద చెమట, ఒక చెవి చిన్నది, ఒకటి పెద్దది. పిల్లలందరూ పకపకా నవ్వారు. సుందరి చెయ్యి కాగితం మీదికి పోబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఈ చెవి నిజంగానే పెద్దదే. నలభై ఏళ్ళుగా అద్దంలో చూసుకుంటున్నా నాకే తెలీలేదు. నువ్వు చూశావు," అన్నాను.

ఆ తర్వాత దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఏడాది తిరక్కుండానే అది మొహం గీస్తే, పేటవాళ్ళు చూసి పేరు చెప్పేసేవాళ్ళు. చేపలమ్మే ఆవిడ దగ్గర్నుంచి మా పాస్టరుగారి దాకా ఎవర్నీ వదల్లేదు. గురువులు ఒకసారి దారిలో ఆపి మరీ చెప్పాడు. "మా గుంట నన్ను గీసింది బాబూ. కాలవలోంచి ఎక్కొస్తన్నట్టు గీసింది. సూస్తంటే కంపు కూడా కొట్టినట్టుంది." ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం చేటంత అయింది.

ఎనభై ఎనిమిదిలో, చలి తగ్గే రోజుల్లో, మల్లేశు కనబడకుండా పోయాడు.

మల్లేశు డాకు కూలీ. సుందరి వాళ్ళ పక్క గదిలో ఉండేవాడు, ఆ పిల్ల అతన్ని మావ అని పిలిచేది. మా పేటలో డాకు పని ఎవరికి దొరకాలన్నా, వీధి కుళాయి ఎవరు ముందు పట్టుకోవాలన్నా పరేశ్‌దా చెప్పాలి. ఆయన మా వీధి క్లబ్బుకి సెక్రెటరీ. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. మల్లేశు ఒకనాడు టీ దుకాణం ముందు పదిమందిలో ఆయన్ని నిలదీశాడు. మూడోనాటికి మనిషి లేడు. ఊరెళ్ళిపోయాడని క్లబ్బువాళ్ళు చెప్పారు. ఊరెళ్ళినవాడి పెట్టె గదిలోనే ఉంది, పెళ్ళామూ గదిలోనే ఉంది. ఆవిడ ఏడుపు బయటికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకునేది. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. పిరికివాణ్ణని చెప్పుకోవడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు, అప్పుడే ఉండాల్సింది.

గురువుల్ని మాత్రం ఒకసారి కదిపాను. "ఊరెల్లిపోనాడంటన్నారు గదా బాబూ. మనకెందుకు?" అని గబగబా నడిచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రెండు ఆదివారాలూ సుందరి కాగితం ముందు ఊరికే కూర్చుంది. గీత పెట్టలేదు. పాత బెదురు మళ్ళీ పట్టుకుందనుకున్నాను, మట్టి బుర్రవాణ్ణి కదా. పైగా క్లబ్బువాళ్ళ బొమ్మల పోటీ దగ్గరికొచ్చింది. ఏటా పేట పిల్లలందర్నీ మైదానంలో కూర్చోబెట్టి, అప్పటికప్పుడు విషయం చెప్పి గీయించేవాళ్ళు. ఏటా గుడిసెలకే బహుమతి. ఈసారి మన పిల్ల గెలవాలని నాకు పంతం.

"భయపడి గీస్తే గీత వణుకుతుంది," అన్నాను. "ఏం చూశావో అదే గియ్యి."

"ఏది సూసినా గియ్యొచ్చా మాస్టారూ?"

"ఏది చూసినా."

"పెద్దోల్లు తిడితే?"

"బొమ్మని తిట్టేవాడికి కళ్ళు లేవనుకో."

ఆ జవాబుకి నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికెళ్ళాను.

పోటీ ఆదివారం పొద్దున్న. షామియానా కింద రెండు వందలమంది పిల్లలు. చుట్టూ తాడు కట్టారు, నేర్పేవాళ్ళు తాడు దాటకూడదు. విషయం 'మా పేట' అని మైకులో చెప్పారు. అయినా నా కళ్ళ ముందే గుడిసెలు లేచాయి, కొబ్బరిచెట్లు మొలిచాయి. సుందరి మూడో వరసలో ఉంది. తల ఎత్తకుండా, కాగితం ఈ కొస నుంచి ఆ కొసకి గీస్తోంది. అంత దూరం నుంచి బొమ్మ కనబడలేదు గానీ, ఆ చెయ్యి కదిలే తీరు చూసి నాకు కడుపు నిండిపోయింది.

గంట కొట్టాక కాగితాలన్నీ తీసి క్లబ్బు గోడ పొడుగునా తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. నేను చూసుకుంటూ నడిచాను. గుడిసె, గుడిసె, పడవ, గుడిసె. ఆ తర్వాత మల్లేశు.

గోదాముల వెనక సందు. మిట్టమధ్యాహ్నం, నీడలు కాళ్ళ కిందే ఉన్నాయి. మల్లేశు చేతులు ఇద్దరు మనుషులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. అతని నోరు తెరిచి ఉంది. తలుపు తీసి ఉన్న వ్యాను ఒకటి. దానికి ఆనుకుని పరేశ్‌దా తల దువ్వుకుంటున్నాడు. కంటి కింద పుట్టుమచ్చ ఉంది, దువ్వెన పట్టుకున్న చేతికి వంకర చిటికెనవేలు ఉంది. ఇంక పేరు రాయనక్కర్లేదు.

చుట్టూ చూసి, క్లిప్పు తీద్దామని చెయ్యి ఎత్తేలోగా నా భుజం మీదుగా ఇంకో చెయ్యి వచ్చి కాగితం అందుకుంది. వంకర చిటికెనవేలు.

పరేశ్‌దా బొమ్మ చూశాడు. కాగితం వెనక్కి తిప్పి పేరు, తండ్రి పేరు, నేర్పినవాడి పేరు చదువుకున్నాడు. మడత కుర్చీ తెప్పించుకుని గోడ వారగా కూర్చుని సుందరిని పిలిపించాడు. ఇద్దరు మనుషులు ఆయనకి అటూ ఇటూ నిలబడ్డారు. బొమ్మలో ఉన్నది కూడా ఆ ఇద్దరే.

"మాస్టర్‌మొశాయ్, మీ శిష్యురాలేనా?" అన్నాడు హిందీలో, ఎంతో మెత్తగా.

మాట దానంతటదే వచ్చింది. "దాదా, ఈ పిల్లకి మొహాలు రావు. ఎవర్ని గీసినా అదే ముక్కు, అదే మచ్చ. ఏడాదిగా మొత్తుకుంటున్నాను, పోలిక పట్టుబడదు. ఏ సినిమా పోస్టరో చూసి గీసుంటుంది."

సుందరికి హిందీ నాకంటే బాగా వచ్చు. తలెత్తి నావైపు చూసింది. మనసు విరిగితే అతకదంటారు. అతకకపోయినా పరవాలేదు, పిల్ల బతికుంటే చాలనుకున్నాను.

పరేశ్‌దా నవ్వాడు. "అంతేలే, పిల్లలు," అని కాగితం నా వైపు చాపాడు. గండం గడిచిందనుకున్నాను. ఆ కాగితం పుచ్చుకునేలోగా సుందరి తెలుగులో అడిగింది.

"నాకు పోలిక రాదా మాస్టారూ?"

"రాదు. ఇంటికి పో," అన్నాను, దాని కళ్ళలోకి చూడకుండా.

అది ఇంటికి పోలేదు. బల్ల మీది ఖాళీ కాగితం ఒకటి లాక్కుని, పరేశ్‌దా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కదలకండి," అంది ఆయనతో హిందీలో. ఆయనకి సరదా వేసింది కాబోలు, కదలకుండా కూర్చున్నాడు.

ఆ కాగితం చింపేసి ఉండాల్సింది. పిల్లని ఒక్కటి వేసి ఈడ్చుకుపోయి ఉండాల్సింది. ఇరవై ఏళ్ళుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను, ఎందుకు కదల్లేదని. జవాబు తెలుసు. అది నుదుటి దగ్గర మొదటి గీత పెట్టగానే నా కళ్ళు అక్కడ అతుక్కుపోయాయి. ఎక్కడా తడుముకోలేదు. కన్నీళ్ళు చెంపల మీదికి జారుతూనే ఉన్నాయి, గీత మాత్రం వణకలేదు. దవడ వచ్చింది, మచ్చ వచ్చింది, పెదవుల మీద ఆ మెత్తదనం కూడా వచ్చింది. చివరికి కళ్ళు పెట్టింది. పక్కనున్న ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

సుందరి కాగితం ఆయనకి చూపించలేదు. నావైపు తిప్పింది.

"ఇప్పుడు సూడండి. వొచ్చిందా, రానేదా?"

ఎదురుగా ఉన్నది పెద్దవాళ్ళైతే కళ్ళతో ఏదో సైగ చేసి ఉందును. దాని చూపులో సైగకి చోటు లేదు. "వచ్చింది," అన్నాను.

పరేశ్‌దా లేచి ఆ కాగితం తీసుకున్నాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత రెంటినీ కలిపి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. సుందరి తల నిమిరి, "మంచి చెయ్యి. మీ నాన్నని సాయంత్రం క్లబ్బుకి ఒకసారి రమ్మను," అన్నాడు.

అప్పుడు అర్థమైంది దానికి. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నాకు ఒళ్ళంతా భయం. ఆ భయం అడుగున, ఆ కళ్ళు గీయడం నేర్పింది నేనేనన్న గర్వం కూడా ఉంది.